పాత తోలు, కొత్త కుట్టు

ఆడపడుచు కారు తలుపు తీసింది. మూసింది. మళ్ళీ తీసింది. రెండోసారి చూస్తే లోపల ఉన్నది మారిపోతుందేమో అన్నట్టు తొంగి చూసింది.

మారలేదు. కొత్త సీట్లు అలాగే ఉన్నాయి. నిండుగా, బిగువుగా, ముదురెరుపు తోలు మీద ఎక్కడా ఒక్క ముడత లేకుండా.

“వదినా,” అంది. గొంతు మామూలుగానే ఉంది. “ఇవెవరు కుట్టారు?”

వదిన వంటింటి గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. వీధి వీధంతా ఆమెను వదిన అనే పిలుస్తుంది. ఆ ఇంట్లో వంటగదికీ మొగుడి వర్క్‌షాపుకీ మధ్య ఉన్నది ఒకటే తలుపు. పప్పు ఉడికే వాసనా, గ్రీజు వాసనా ఏది ఎటు పోతుందో ఎప్పుడో మరిచిపోయిన ఇల్లు అది. పొద్దున్నే లేచి ఆ సీట్లను మెత్తటి గుడ్డతో తుడిచి మరీ ఉంచింది. ఆడపడుచు చూసి ఏమంటుందోనని నాలుగు రోజులుగా ఎదురుచూస్తోంది.

“నేనే. ఏం, బాలేదా?”

“పాతవేవీ?”

“విప్పేశాను.”

“విప్పేశావు,” అని ఆ మాటను పాఠం ఒప్పజెప్పినట్టు తిరిగి చెప్పింది ఆడపడుచు. కారు మడ్‌గార్డు మీద చెయ్యి వేసుకుని, అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయింది. “పదకొండింటికి పెద్దాఫీసరు వస్తున్నాడు వదినా. ఇది చూడ్డానికే వస్తున్నాడు.”

“వస్తే రానీ. చూడ్డానికేగా కుట్టింది.”

“నీకు చెప్పలేదా అన్నయ్య?”

“ఏం చెప్పాలి?”

ఆడపడుచు వంగి కారు కిందికి చూసింది. కింద రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. పొద్దుటినుంచీ చప్పుడు చేస్తున్న స్పానరు, వదిన ‘విప్పేశాను’ అన్న దగ్గర ఆగిపోయింది. మళ్ళీ కదల్లేదు.

“అన్నయ్యా, బయటికి రా.”

“నట్టు బిగిస్తున్నానే.”

“నట్టు తర్వాత బిగించొచ్చు. రా.”

మేస్త్రి చక్రాల పలక మీద వెల్లకిలా జారుకుంటూ బయటికొచ్చాడు. నుదుటి మీద గ్రీజు. మొహం మీద నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. “ఏంటే ఫైలమ్మా, ఇవాళ ఆఫీసు ఇక్కడే పెట్టావా?”

చెల్లెలికి ఆ పేరు పెట్టింది అతనే. మ్యూజియంలో రికార్డులు చూసే ఉద్యోగం ఆమెది. పేరుకి మ్యూజియమే గానీ, అందులోని పన్నెండు పాత కార్లూ ఉన్నది వెనకాల రేకుల షెడ్డులో. వానొస్తే రేకు కన్నాల్లోంచి నీళ్ళు సీట్ల మీద పడతాయి, ఎండొస్తే పావురాలొచ్చి మిగతా పని చేస్తాయి. తొమ్మిదేళ్ళలో ఆమె నలభై ఒక్క ఉత్తరాలు రాసింది. నలభై రెండో ఉత్తరానికి పెద్దాఫీసరు, విసుగెత్తో కరుణించో, ఒక్క బండిని బయటికి తీయడానికి ఒప్పుకున్నాడు. పొడుగాటి ముక్కు, వెనక డిక్కీ మూత తెరిస్తే విచ్చుకునే మూడో సీటు, ఆకుపచ్చ ఒళ్ళు. అలాంటివి చేసినవే ఇరవై. మిగిలినవి మూడు. రెండు ఎక్కడో దూరాన పెద్దవాళ్ళ దగ్గరున్నాయి. మూడోది పావురాల రెట్ట కింద ఉండేది, ఇప్పుడు వదినా వాళ్ళ వర్క్‌షాపులో ఉంది.

ఇది సరిగ్గా నిలబడితే మిగతా పదకొండూ ఒక్కొక్కటే బయటికొస్తాయి. తేడా వస్తే ఇది కూడా తిరిగి ఆ రేకుల కిందికే పోతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

తెలియనిది ఒక్క కాగితం సంగతి. అది తెలియనిది వదిన ఒక్కదానికే.

“కాగితమేది?” అంది ఆడపడుచు.

“ఏ కాగితం?”

“నువ్వు సంతకం పెట్టిన కాగితం. దాని కింద నేను హామీ సంతకం పెట్టిన కాగితం.”

మేస్త్రి స్పానర్ల సొరుగు లాగి అడుగునుంచి ఒక కాగితం తీశాడు. మధ్యలో గుండ్రంగా నూనె డబ్బా మరక పడింది.

“మూడో షరతు పైకి చదువు. వదిన వినాలి.”

“నువ్వే చదువుకో. నా కళ్ళజోడు లోపలుంది.”

“కళ్ళజోడు నెత్తి మీదుంది.”

గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్న అత్తగారు అందుకుంది. “చదవరా. పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతుర్లా ఆ సిగ్గేమిటి?”

మేస్త్రి కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. “తుప్పు మరింత పాకకుండా ఆపవలెను. వాహనములోని ఏ భాగమునూ తీయరాదు, మార్చరాదు, కొత్తది అమర్చరాదు. చిరుగులు, మరకలు, అరుగుదల యథాతథముగా ఉంచవలెను.”

టీ గ్లాసు చెయ్యి కాలుస్తుంటే వదిన దాన్ని కిటికీ అరుగు మీద పెట్టింది.

“ఇది నాకెందుకు చూపించలేదు?” అంది మొగుణ్ణి.

“నువ్వడగలేదు.”

“అడిగానండీ. బండి వచ్చిన మర్నాడే, సీట్ల సంగతేంటని అడిగాను. ఎలుకలు గూడు పెట్టాయి, కంపు కొడుతోంది, ఏం చెయ్యమంటారని అడిగాను. కింద పడుకునే జవాబు చెప్పారు.”

“ఏమన్నాను?”

“నీ ఇష్టం అన్నారు.”

“నీ ఇష్టం అన్నాను గానీ, విప్పమన్నానా?”

అత్తగారు చప్పట్లు కొట్టినంత పని చేసింది. “వాళ్ళ నాన్న కూడా అచ్చం ఇంతే. నీ ఇష్టం, నీ ఇష్టం అనేవాడు. ముప్ఫై ఏళ్ళు నా ఇష్టమే అనుకుని బతికాను. పోయాక లెక్క చూసుకుంటే ఒక్కటీ నా ఇష్టం కాదు.”

“అమ్మా, నువ్వుండు,” అన్నారు అన్నాచెల్లెళ్ళు ఒక్క గొంతుతో. ఆ పొద్దున వాళ్ళిద్దరూ ఏకీభవించింది ఆ ఒక్క విషయంలోనే.

ఆడపడుచు లేచి నిలబడింది. ఆఫీసుకు కట్టుకొచ్చిన మంచి చీరకి వెనక మసి అంటింది. చూసుకోలేదు.

“నీకు అర్థమవుతోందా వదినా? అరవై ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోని తోలు అది. మిగతా రెండు బళ్ళకీ ఎప్పుడో మార్చేశారు. ఆ సీట్లు అలాగే మిగిలింది మన బండికి ఒక్కదానికే. దాన్ని నువ్వు చంపేశావు.”

“చంపడమేంటి? ఎలుకలు తినేసినదాన్ని బాగుచేశాను.”

“బాగుచేశావు! కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.”

వదినకి చెవులు వేడెక్కాయి. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇదే వర్క్‌షాపులో మామగారి దగ్గర సూది పట్టడం నేర్చుకుంది. వ్యాన్ల సీట్లు, టాక్సీల సీట్లు, ఓసారి పళ్ళ డాక్టరు కుర్చీ కూడా కుట్టింది. మామగారి సూత్రం ఒకటే: బండి మన గుమ్మం దిగేటప్పుడు, వచ్చినప్పటికంటే బాగుండాలి. మాసిన సీటుతో బండిని పంపడమంటే, చిరిగిన చొక్కాతో పిల్లాణ్ణి బడికి పంపినట్టు. ఇప్పుడు వచ్చి మరకలు ఉంచాలి, చిరుగులు ఉంచాలి అంటే ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈ నాలుగు రోజుల్లో ఆమె వేసినంత మంచి కుట్టు జన్మలో వెయ్యలేదు. రెండు సూదులు, మైనం రాసిన దారం, అంగుళానికి ఎనిమిది పోట్లు. మిషను ముట్టుకోలేదు.

“ఆ పాత కుట్టు నేనూ చూశాను,” అంది. “పాతవాటి సంగతి తెలిసింది నీ ఒక్కదానికే కాదు. కుట్టినవాడు ఎడమచేతి వాటం మనిషి.”

ఆడపడుచు తలెత్తింది. “ఏంటీ?”

“పోటు ఒరుగు అటు కాకుండా ఇటు పడింది. ముళ్ళు కూడా తిరగబడి వేశాడు. ముందు రెండు సీట్లూ ఒక మనిషివే. డిక్కీ సీటు మాత్రం ఇంకెవరో కుట్టారు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు కాబోలు, మూల తిరిగే చోట రెండుసార్లు తప్పు పొడిచారు. ఎడమచేతి ఆయన పక్కన కూర్చుని సరిచేశాడు. ఆ కన్నాల మీద ఆయన పోటే ఉంది.”

ఆడపడుచు కళ్ళు పెద్దవయ్యాయి. క్షణంపాటు కోపం మరిచిపోయింది. ఆ బండి గురించి ఆమెకు తెలియనిది లేదు. ఎవరు కొన్నారు, ఎవరి చేతులు మారింది, ఏ ఏడు ఏ రంగు వేశారు, అన్నీ ఆమె రాసిన ఫైల్లో ఉన్నాయి. సీట్లు కుట్టిన మనుషులు మాత్రం ఏ ఫైల్లోనూ లేరు.

“నిజంగానా? ఇద్దరా?” అంటూ దగ్గరికొచ్చింది. “ఏదీ, చూపించు వదినా. ఆ మూల చూపించు.”

వదిన చూపు కొత్త సీటు మీద ఆగింది.

“విప్పేశాను కదా అమ్మాయీ.”

వంటింట్లో పప్పు పొంగి పొయ్యి మీద పడిన చప్పుడు వినిపించింది. ఎవరూ కదల్లేదు.

చివరికి వదినే అంది. “ముక్కలున్నాయి. పారెయ్యలేదు. పాత ముక్కే కదా కొత్త ముక్కకి కొలత. ప్రతిదాని వెనకా సుద్దతో అంకె వేసి దొంతి పెట్టాను. సీట్లలో కూరిన గుర్రపు వెంట్రుకలు కూడా గోతంలో కట్టి ఉంచాను.”

ఆడపడుచు ఆమె చెయ్యి పట్టుకుంది. “ఉన్నాయా? అయితే మళ్ళీ వాటినే కుట్టెయ్యగలవా? పాత కన్నాల్లోంచే?”

“రెండు రోజులు పడుతుంది. ఎలుక కొరికిన చోట కింద గుడ్డ వెయ్యాలి. అయినా కుట్టొచ్చు.”

“పెద్దాఫీసరుకి ఏదో ఒకటి చెప్తాను. సీట్లు ఆరబెట్టామంటాను. రెండు రోజులు ఆగమంటాను. ఏవీ ఆ ముక్కలు?”

వదిన వర్క్‌షాపు మూలనున్న బీరువా వెనక్కి వంగింది. దొంతి ఉండాల్సిన చోట ఉంది. కానీ పల్చబడింది. తీసి లెక్కపెట్టింది. పద్దెనిమిది ఉండాలి. పదకొండే ఉన్నాయి. పెద్దవన్నీ పోయాయి, వీపు ముక్కలు, కూర్చునే ముక్కలు.

ఆమె తిరిగి మొగుడి వైపు చూసింది. మేస్త్రి గోడనున్న క్యాలెండరు చూస్తున్నాడు. అది పోయినేటిది.

“ఏమండీ.”

“ఊఁ.”

“తోలేదీ?”

“ఏ తోలు?” అని, ఇక దాటేది లేదని తెలిసి బానెట్ ఎత్తాడు. “అదిగో. బానెట్ కింద నాలుగు వైపులా మెత్త లేక టకటక కొట్టుకుంటోంది. తోలు పట్టీ వేశాను. పెట్రోలు కొట్టే చేతి పంపుకి తోలు వాషర్లు కావాలి, బయటెక్కడా దొరకవు. కోశాను. తలుపు సందుల్లో కూడా వేశాను. కుక్కకెయ్యలేదు, చెప్పులు కుట్టించుకోలేదు. బండి తోలు బండికే వాడాను.”

అందులో అతనికి నిజంగానే గర్వం ఉంది. పాత సీటు ముసుగు వర్క్‌షాపులో వృథాగా పోకూడదన్నది కూడా మామగారి సూత్రమే.

ఆడపడుచు బానెట్ అంచున ఉన్న పట్టీ మీద వేలు పెట్టింది. గోధుమరంగు తోలు, అంగుళం వెడల్పు, అంచులు తిన్నగా, చక్కగా కోసి ఉన్నాయి. ఆ పట్టీలో ఒక చోట వరుసగా చిన్న కన్నాలున్నాయి. ఒకదాని పక్కన ఒకటి, తప్పు పొడిచిన కన్నాలు.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండును అనుకుంది వదిన.

“మీరిద్దరూ ఒకరికొకరు సరిపోయారు,” అంది ఆడపడుచు మెల్లగా. “షెడ్డులో వాన తొమ్మిదేళ్ళలో చెయ్యలేనిది, మీరు తొమ్మిది రోజుల్లో చేశారు. వానే నయం. దానికి పని రాదు.”

“నోటికొచ్చినట్టు మాట్లాడకు,” అన్నాడు మేస్త్రి. “ఇంజను తిరుగుతోంది. తుప్పు ఆగింది. అది చూడవేం?”

“చంపి, శవానికి స్నానం చేయించావు. అది చూడమంటావు.”

“మాటలు! మాటలు తప్ప ఇంకేం వచ్చు నీకు? ఏనాడైనా ఒక్క నట్టు బిగించావా?”

“లేదు. అందుకే ఏదీ పాడుచెయ్యలేదు.”

బయట హారన్ మోగింది. పదకొండుకి ఇంకా ఇరవై నిమిషాలుంది. అధికారులు ఆలస్యంగా వస్తారని నమ్ముకున్న ఇంటికి అది మరో దెబ్బ.

పెద్దాఫీసరు దేనికీ ఆనుకోకుండా నడిచే మనిషి. నూనె మరకలన్నీ తప్పించుకుంటూ, నీటి గుంటలు దాటే కొంగలా లోపలికొచ్చాడు. కారు దగ్గర ఆగాడు. తలుపు తీశాడు.

వదిన గుమ్మం చట్టాన్ని పట్టుకుంది. ఆడపడుచు కాగితాన్ని గుండెకు ఆనించుకుని నిలబడింది. మేస్త్రి చేతులు తుడిచినవే తుడుస్తున్నాడు.

“అబ్బ!” అన్నాడు పెద్దాఫీసరు.

లోపల కూర్చున్నాడు. సీటు మీద చేత్తో తట్టాడు. స్టీరింగ్ పట్టుకుని, సెల్‌ఫోను మేస్త్రికిచ్చి ఫొటో తీయమన్నాడు. నవ్వకుండా ఒకటి, నవ్వుతూ ఒకటి.

“ఇదీ పనంటే! సోఫాలా ఉందయ్యా. ఎవరు చేశారిది?”

“మా ఆవిడండీ,” అన్నాడు మేస్త్రి, ప్రాణం లేచొచ్చి. అంతటితో ఆగితే బాగుండేది. చెల్లెలి మీద ప్రేమ పొంగింది. “పనంతా మా ఆవిడదే గానీ, సలహా అంతా మా చెల్లెలిదండీ. పక్కనుండి చేయించింది.”

ఆడపడుచు మొహం పాలిపోయింది.

“శభాష్,” అన్నాడు పెద్దాఫీసరు ఆమెతో. “ఇన్నాళ్ళూ ఉత్తరాలు రాస్తుంటే, పనిలేక రాస్తున్నారనుకున్నాను. ఇప్పుడర్థమైంది. మిగతా పదకొండూ చూస్తే నాకే సిగ్గేస్తుంది. చిరుగులు, మరకలు, చూడ్డానికొచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని పోతున్నారు. అన్నిటికీ ఇలాగే చేయించేద్దాం. ఇదే రంగు. వరసగా నిలబెడితే కళ్ళు చెదరాలి.”

“సార్,” అంది ఆడపడుచు. “అది తప్పండీ.”

“ఏది?”

“ఇది. ఇలా చెయ్యకూడదు. మూడో షరతు చూడండి. మీరు సంతకం పెట్టిన కాగితమే.”

కాగితం అందించింది. అతను నూనె మరక అంటకుండా కొసన పట్టుకుని, సంతకం వైపు చూసి, పైన ఏముందో చూడకుండానే తిరిగిచ్చేశాడు.

“ఈ షరతులు ఎవరు రాశారు?”

“నేనే రాశానండీ.”

“మీరు రాసినవి మీరే దాటారు. ఇక గొడవేముంది?” అని నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వబోయి, చెల్లెలి మొహం చూసి మానేశాడు.

తెల్లవారినప్పటి నుంచీ ఆ ఇంటిని వణికించిన కాగితం అది. ఆఫీసులో దాన్ని చదివింది, రాసిన మనిషి ఒక్కతే.

వదినకి ఏమైందో ఆమెకే తెలియదు. గుమ్మం దాటి ముందుకొచ్చింది. “ఆవిడ చేయించలేదండీ. ఆవిడకి తెలియదు. పాతది విప్పింది నేను. అదొక తెలివైనవాడి చేతి కుట్టండీ. దాన్ని ఉంచాలని నాకు తెలియలేదు. మిగతావి విప్పకండి. వాన పడకుండా పైన రేకు మార్పిస్తే చాలు.”

పెద్దాఫీసరు ఆమెను మొదటిసారి చూశాడు. “మరీ వినయం చూపిస్తున్నారమ్మా. రేకులు మార్చడానికి వేరే శాఖ ఉంది, అది వాళ్ళ పని. సీట్లయితే నా చేతిలో పని.”

“నేను చెయ్యనండీ.”

“చెయ్యకపోతే ఏముంది? ఊళ్ళో బస్సులకి సీట్లెవరూ కుట్టడంలేదా? రెగ్జిన్ వేస్తే ఇంకా మెరుస్తుంది, తుడుచుకోవడం కూడా తేలిక.” గడియారం చూసుకున్నాడు. “ఆలోచించుకోండి. ఈలోపు ఈ ఇంజనేంటో చూపించవయ్యా మేస్త్రీ.”

ఆడపడుచు వదిన మోచెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. తలుపు వేసింది. పొయ్యి చుట్టూ పొంగిన పప్పు ఎండిపోయి అట్టకట్టింది.

“ఒప్పుకో వదినా.”

“ఏంటీ?”

“చేస్తానని ఒప్పుకో.”

“పొద్దున్న చంపేశానన్నావు.”

“అన్నాను. ఇప్పటికీ అంటాను. అయినా ఒప్పుకో. బస్సు సీట్లవాడు కత్తితో చీరేసి పాత తోలు మురిక్కాలవలో పడేస్తాడు. నువ్వైతే విప్పుతావు. అంకెలు వేస్తావు. ఎవరు కుట్టారో, ఏ చేత్తో కుట్టారో నాకు చెప్తావు. నేను రాసుకుంటాను. అదైనా మిగులుతుంది.”

వదిన పొయ్యి దగ్గరికెళ్ళి, అట్టకట్టిన పప్పుని గరిటె కొసతో గీకడం మొదలుపెట్టింది.

“ఎంత తెలివైనదానివి అమ్మాయీ! వద్దన్న పని నాచేతే చేయిస్తావు. చేసినన్నాళ్ళూ నా మొహం చూసినప్పుడల్లా చంపేశావనీ అంటావు.”

“అంటానేమో.”

“కనీసం అబద్ధమన్నా ఆడవు.”

“నాకు రాదు.”

గరిటె చప్పుడు కాసేపు సాగింది. తరవాత ఆగింది.

“బండి ఇక్కడున్నంతకాలం వాన తగలదుగా?” అంది వదిన.

“తగలదు.”

“సీటు ఎన్ని రోజుల్లో అవ్వాలో ఆయనకేం తెలుసు? చేతి కుట్టు. తోలు దొరకాలి, నానాలి, ఆరాలి. బండికో ఏడాది పడుతుందంటాను. మొదటిదాని మీద సూది పెట్టకుండా ఎన్నాళ్ళు కూర్చోగలనో చూడు.”

ఆడపడుచు ఆమె వంక చూసింది. పొద్దుట్నుంచీ బిగుసుకున్న పెదవులు కొంచెం వదులయ్యాయి. “పదకొండేళ్ళు.”

“అప్పటికి ఈయన ఉంటాడా? ఇంకోడొస్తాడు. వాడైనా కాగితం చదివేవాడు కావచ్చు.”

“ఇంత కంత్రీవని నాకు తెలియదు వదినా.”

“పదిహేడేళ్ళుగా మీ అన్నయ్యతో కాపురం చేస్తున్నాను. ఊరికే వస్తుందా?”

నవ్వు ఇద్దరిలో ఎవరికి ముందొచ్చేదో తెలియదు. తలుపు తెరుచుకుంది. మేస్త్రి. మొహం వెలిగిపోతోంది. వెనకాలే అత్తగారు, వింత చూడ్డానికి.

“సర్దేశాను,” అన్నాడు. “మీరిద్దరూ తలుపులేసుకుని కూర్చుంటే ఆయనకి కోపమొస్తుందని భయమేసింది. నేనే మాటిచ్చేశాను. నెలకి రెండు బళ్ళు. ఆర్నెల్లలో మొత్తం అయిపోతాయి. ఎగిరి గంతేశాడనుకో.”

ఇద్దరాడవాళ్ళూ కదల్లేదు.

“ఏంటలా చూస్తారు? ఫైలమ్మా, నువ్వు రాసిన ఉత్తరాలన్నిటికీ ఇవాళ జవాబొచ్చింది. బళ్ళన్నీ బయటికొస్తున్నాయి. ఇదేగా నువ్వడిగింది?”

ఇదే. సరిగ్గా ఇదే ఆమె అడిగింది. ఆడపడుచు గోడకి ఆనుకుంది.

వదిన గరిటె కడిగి, బోర్లించింది. “నన్నడిగారా?”

“నీ గురించి నాకు తెలియదా? నాలుగు రోజుల్లో మూడు సీట్లు కుట్టావు. నెలకి రెండు బళ్ళు నీకో లెక్కా?”

“నన్నడిగారా అన్నాను.”

“అడిగితే నువ్వేమంటావు? మీ ఇష్టం అంటావు.”

“ఇవాళ అననండీ. మాటిచ్చింది మీరు. సూదీ మీరే పట్టండి. నేను కుట్టను.”

మేస్త్రి ముందు నవ్వాడు. నవ్వుకి తోడెవరూ రాకపోయేసరికి తల్లి వైపు చూశాడు. ఏ మాటకీ ఆగని ఆ పెద్దావిడ ఇప్పుడు కొంగు సర్దుకుంటూ నేల చూపులు చూస్తోంది.

“మేస్త్రీ!” వర్క్‌షాపులోంచి పెద్దాఫీసరు కేక. “లారీవాడు ఖాళీగానే ఉన్నాట్ట. మొదటి రెండూ ఇవాళే పంపించేస్తున్నాను. స్థలం చూసుకో.”

“అలాగేనండీ,” అని అరిచి, పెళ్ళాం వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. “లారీ వచ్చేస్తోంది. ఇప్పుడా నీ పంతం? నువ్వు కాదంటే బస్సు సీట్లవాణ్ణి ఇక్కడికే పిలవాల్సొస్తుంది. ఈ బల్ల మీదే కూర్చోబెడతాను. నీ సూదులే ఇస్తాను. చెప్పు, ఏం చెయ్యమంటావు?”

ఆడపడుచు వచ్చి వదిన భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి గట్టిగా నొక్కింది. నిలబడు అని నొక్కిందో, ఒప్పుకో అని నొక్కిందో వదినకి అర్థం కాలేదు. తిరిగి మొహం చూస్తే తెలిసిపోతుంది. అందుకే ఆమె తిరగలేదు.